గుడ్డా, గాలా? కడిగిన కారు ఆరబెట్టడంపై ఒక సంవాదం

కారు పెయింటు మీద కనిపించే సన్నటి గీతల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు. కడిగేటప్పుడు, కడిగాక తుడిచేటప్పుడు పడినవి. ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా మెరిసే గీతలు అవే. గుడ్డను గుండ్రంగా తిప్పడం వల్లే అవి గుండ్రంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని వైపులకూ ఉంటాయి. వెలుగు పడే దిక్కుకు అడ్డంగా ఉన్నవే కంటికి మెరుస్తాయి కాబట్టి, ఎక్కడ నిలబడి చూసినా సూర్యబింబం చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. గుడ్డలో ఇసుక రేణువు ఉంటే, చెయ్యి ఎంత తిన్నగా నడిచినా గీత తప్పదు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా దాదాపు 120 కిలోమీటర్ల దారిలో కారు మీద చేరే దుమ్ము ఒక్క రకం కాదు. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ కోత పొడి, ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వైపు సింగరేణి బొగ్గు పొడి, పాల్వంచ థర్మల్ కేంద్రం పరిసరాల్లో బూడిద, గోదావరి ఇసుక లారీల నుంచి రాలే ఇసుక, అడవి ఊళ్ల బాటల మీది ఎర్ర మొరం. భద్రాచలం దాటి ఎటపాక, చింతూరు వైపు వెళ్లొచ్చిన బండి మీద ఇవన్నీ పొరలుగా పేరుకుంటాయి. వీటిలో బొగ్గు కాస్త మెత్తనిదే గాని, దానితో పాటు గనిలోంచి లేచే ఇసుకరాయి పొడి మెత్తనిది కాదు. ఇసుకలోనూ గ్రానైట్‌లోనూ ఉండేది పలుగురాయి. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. కిటికీ గాజుది 5.5 దగ్గర. గాజునే గీయగల రేణువుకు, గాజుకన్నా ఎంతో మెత్తనైన పెయింటు ఒక లెక్క కాదు.

వాదన మొదలయ్యేది ఆఖరి నీళ్లు పడ్డాక. వాటర్ సర్వీసింగ్ షెడ్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. గుడ్డ తగిలితే గీత పడుతుంది, గాలికే ఆరనివ్వాలి అన్నది ఒకటి. ఆరనిస్తే నీటిలోని ఉప్పు మరకై కూర్చుంటుంది, తుడవాల్సిందే అన్నది రెండోది. మొదటి పక్షాన ఇక్కడ మాట్లాడేది యాత్రికులను తిప్పే పెద్ద వయసు డ్రైవరు. రెండో పక్షం, షెడ్డు నడిపే యువకుడిది.

“గుడ్డ ముట్టించకు అబ్బాయ్,” అంటాడు డ్రైవరు. “నీళ్లు కొట్టావు, చాలు. ఎండలో పెడితే పది నిమిషాల్లో అదే ఆరుద్ది. ఇదివరకటి బండిని ఒక షెడ్డులో కడిగించేవాణ్ని. వాళ్ల దగ్గర ఒకటే గుడ్డ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చిన ప్రతి బండికీ అదే. చక్రాలు తుడిచిన గుడ్డతోనే బానెట్ తుడిచారు. ఏడాది తిరక్కుండా బండి మొహమంతా గీతలే.”

“తప్పు గుడ్డది కాదు బాబాయ్, గుడ్డలో ఉన్నదానిది. అసలు గుడ్డ తగలకపోతే ఏమవుద్దో ఆ బండి అద్దం మీద చూడండి. మొన్నెప్పుడో తుడవకుండా వదిలేసిన చుక్కలు. గోరుతో గీకినా రావట్లేదు.”

ఆ తెల్ల చుక్కలు మురికి కావు, నీటిలోంచి వచ్చినవే. జనం ఉప్పు నీళ్లు అని పిలిచే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. చుక్క ఆరుతున్నకొద్దీ నీరు మాత్రమే ఆవిరవుతుంది, లవణం అంచుకు చేరి వలయంగా మిగులుతుంది. అందులో ఎక్కువ భాగం సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బనేటే. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరులో కరిగిన పదార్థాలు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 2000 దాకా అనుమతి ఉంది. లీటరుకు 500 మిల్లీగ్రాములున్న మంచి నీళ్లే పావు లీటరు కారు మీద మిగిలి ఆరిపోయాయనుకుంటే, 125 మిల్లీగ్రాముల ఉప్పు పెయింటు మీదే ఉండిపోతుంది. బోరు నీళ్లయితే అంతకు రెండింతలో మూడింతలో కావచ్చు. వారానికొకసారి కడిగే బండి మీద ఇది పొర మీద పొరగా పెరుగుతుంది.

ఎండ ఈ పనిని తొందర చేస్తుంది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అలాంటి రోజున ముదురు రంగు బానెట్ మీద చెయ్యి ఆనించలేం. దాని మీద పడ్డ చుక్క తుడిచే లోపే ఎండి, ఉప్పు కాలిన రేకుకు అంటుకుపోతుంది. చుక్క భూతద్దంలా పనిచేసి పెయింటును కాలుస్తుందనే మాట కూడా షెడ్ల దగ్గర తిరుగుతుంటుంది, అది పట్టించుకోనక్కర్లేదు. రేకు మీద పరుచుకుని కూర్చున్న చుక్క వెలుగును కూర్చే చోటు పెయింటుకు బాగా దిగువన పడుతుంది. పెయింటును పాడుచేసేది మిగిలిన లవణం, దానికి తోడైన వేడి.

“సరే, ఎండలో వద్దు,” అని డ్రైవరు ఒక మెట్టు దిగుతాడు. “నీడన పెడతా. అదీ కాదంటే రోడ్డెక్కుతా. ఇక్కణ్నించి పాల్వంచ దాకా అరవైలో పోతే గాలికే ఆరిపోద్ది, గుడ్డ పనే లేదు.”

“నీడలో ఆరినా ఉప్పు ఉప్పే బాబాయ్, కాకపోతే కాస్త నిదానంగా ఆరుద్ది. ఇక రోడ్డు సంగతంటారా, ముందు ఇసుక లారీ పోతుంటే తడి బండిని దాని వెనకాల నడుపుతారా?”

తడి ఉపరితలానికి దుమ్ము అంటుకున్నట్టు పొడి ఉపరితలానికి అంటుకోదు. తడిసిన కారుతో ఈ దారిన పది కిలోమీటర్లు నడిస్తే కడిగిన పని పోవడమే కాదు, సన్నటి ఇసుక నీటి చారలతో కలిసి ఎండిపోతుంది. సైడు అద్దాల సందుల్లోంచి, నంబరు ప్లేటు వెనక నుంచి కారే నీళ్లు తలుపుల మీద పొడుగాటి చారలు గీస్తాయి. గాలికి నీళ్లు పోతాయన్నది నిజమే. ఏ గాలికి అన్నదే ప్రశ్న. దుమ్ము లేని చోట, దగ్గర నుంచి పెట్టే బ్లోయరు గాలి వేరు, లారీ వెనక గాలి వేరు.

డ్రైవరు పక్షానికి ఇంతకన్నా గట్టి వాదన ఇంకొకటి ఉంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు.

“ఉప్పే కదా నీ గొడవ. నీళ్లు మార్చు మరి. ఉప్పు లేని నీళ్లు పోస్తే మరకేడుంటది? తుడవాల్సిన పనేముంది? మా వీధిలో ఆర్వో ప్లాంటు వెనక నీళ్లు ఊరికే కాలవలో పోతున్నాయి. పట్టుకొస్తా, దాంతో కడుగు.”

“నీళ్లు మార్చమనడం బానే ఉంది. పట్టుకొచ్చే నీళ్లే తప్పు.”

ఇక్కడ ఇద్దరూ చెరి సగం ఒప్పు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీరు, అది శుద్ధి చేసి ఇచ్చే నీరు కాదు. పొరకు అవతల ఆగిపోయిన లవణాలన్నీ మోసుకుని వచ్చే నీరది. బోరు నీటికన్నా అందులో ఉప్పు ఎక్కువే. బండ్లు కడగడానికి దాన్ని వాడుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. చక్రాలకు, మడ్‌గార్డుల లోపలి మట్టి వదలగొట్టడానికి మొదటి నీళ్లుగా వాడుకోవచ్చు గాని, ఆఖరి నీళ్లుగా పెయింటు మీద పోయకూడదు. ఆఖరి నీళ్లకు పనికొచ్చేవి వాన నీళ్లు, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు. ఏసీ నీరు గాలిలోని తేమ చల్లబడి దిగినది, లవణాలు దాదాపు ఉండవు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా అలాంటిదే, కాకపోతే డబ్బు పెట్టి కొనాలి. మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్‌లో నాలుగైదు లీటర్ల ఏసీ నీళ్లు పోసి, మామూలు నీళ్లతో కడిగిన కారు మీద పైనుంచి కిందికి ఒక్కసారి కొడితే, ఉప్పు నీటి చుక్కలు చాలావరకు జారిపోతాయి. లవణాలు తీసేసిన నీటిని ఆఖరున పట్టి, గుడ్డ ముట్టించకుండా వదిలేసే పద్ధతి పెద్ద వర్క్‌షాపుల్లో ఉంది. డ్రైవరు మాట అక్కడ నెగ్గుతుంది. రోజుకు పదుల సంఖ్యలో బండ్లు కడిగే రోడ్డు పక్క షెడ్డులో అన్ని నీళ్లు దొరకవు కాబట్టి గుడ్డ మాట మళ్లీ వస్తుంది.

గుడ్డ మాట వస్తే డ్రైవరు తన సంచిలోంచి తువ్వాలు తీస్తాడు.

“తప్పదంటే ఇదిగో, దీంతో తుడువు. నూలుది, పదేళ్లు ఉతికి ఉతికి వెన్నలా అయింది. అంబాసిడర్ తోలిన రోజుల్లో పాత పంచె ముక్కలతోనే తుడిచాం. ఒక్క గీత కనపడేది కాదు.”

“అంబాసిడర్ పెయింటు వేరు బాబాయ్. అది తెల్ల బండి కూడా.”

ఈ రెండు ముక్కల్లోనూ చాలా విషయం ఉంది. పాత బండ్లకు రంగే పైపొర. ఏటా పాలిష్ పెట్టి రుద్దితే గీతలతో పాటు పైనున్న రంగు పలచగా లేచి గుడ్డకు అంటేది, కింద కొత్త రంగు బయటపడేది. ఇప్పటి కార్లకు రేకు మీద తుప్పు ఆపే పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని పారదర్శకమైన పొర ఉంటాయి. మొత్తం కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. పై పొర, అంటే క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్ల మందం. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కారు మెరుపంతా వెంట్రుకకన్నా పలచనైన ఆ పొరలోనే ఉంది. గీతలు పోగొట్టడానికి పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ పొరలోంచి కొంత అరిగిపోతుంది, మళ్లీ పెరగదు. గోరు ఆనించి లాగితే తట్టుకునేంత లోతు గీత పాలిష్‌కు పోదు.

రంగు సంగతి కూడా అంతే. గీత అంచుల దగ్గర వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. తెల్ల పెయింటు మీద ఆ తెలుపు కలిసిపోతుంది, నలుపు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెల్ల కారు మీద గీతలు పడవని కాదు, కనబడవు. కనపడలేదు కాబట్టి పద్ధతి మంచిదేననుకుని అదే అలవాటుతో నల్ల కారు కొన్నవాళ్లకు మొదటి ఏడాదిలోనే తేడా తెలుస్తుంది.

నూలు తువ్వాలు మెత్తగా ఉండడం నిజమే. కానీ దాని నేత అదిమినట్టు బల్లపరుపుగా ఉంటుంది. రేణువు దొరికితే దాన్ని లోపలికి తీసుకునే చోటు అందులో లేదు, గుడ్డకూ పెయింటుకూ మధ్యనే దాన్ని ఈడ్చుకుపోతుంది. మేక, గొర్రె తోలుతో చేసే షామీకీ, దాన్ని అనుకరించి డబ్బాల్లో అమ్మే జిగురు జిగురు పచ్చ గుడ్డకీ ఇదే లోపం. నీళ్లు బాగా పీలుస్తాయి, ఇసుకను దాచుకోలేవు. మెకానిక్కులు కిలోల లెక్కన కొనే బనియన్ వేస్టులో కుట్లు, అంచులు, ఒక్కోసారి గుండీలు కూడా ఉంటాయి. ఇంజను దగ్గర చేతి నూనె తుడుచుకోవడానికే అది.

మైక్రోఫైబర్ తువ్వాలుకు పొడుగు నూగు ఉంటుంది. పాలియెస్టరు, పాలియమైడు కలిపి, సాధారణంగా 80, 20 పాళ్లలో, తీసిన పోగుతో ఈ గుడ్డ నేసి, ఆ పోగును నిలువునా చీలుస్తారు. చీలిన ఒక్కో పోగు ఒక డెనియరుకన్నా సన్నం, అంటే 9 కిలోమీటర్ల పోగు తూస్తే ఒక గ్రాము కూడా తూగదు. చీలికల సందుల్లోకి నీరు తనంతట తానే ఎక్కుతుంది. మిగిలిపోయిన రేణువు ఏదైనా ఉంటే నూగు అడుగుకు దిగిపోయి పెయింటుకు ఎడంగా ఉండే అవకాశం ఎక్కువ. అవకాశమే, హామీ కాదు. చదరపు మీటరుకు 300 గ్రాములుండే పలచటి రకం అద్దాలకు, లోపలి డాష్‌బోర్డుకు సరిపోతుంది. కారు ఒంటి మీది నీళ్లు తుడవడానికి 600 గ్రాములకు పైబడినది తీసుకోవాలి.

“ఖమ్మంలో వంద రూపాయలకు మూడు ఇస్తున్నారు, అవీ మైక్రోఫైబరేనట,” అని డ్రైవరు అనుమానం.

“పనికిరాని పాత సీడీ ఒకటి తీసుకుని వెనకవైపు గట్టిగా నాలుగుసార్లు రుద్ది, ఎండకు పెట్టి చూడండి. గీతలు పడితే ఆ గుడ్డ చక్రాలకే.”

ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. సీడీ వెనక తళుకు మీద సన్నటి గీత కూడా దాక్కోలేదు. గుడ్డ మధ్య భాగంతో ఒకసారి, అంచు కుట్టుతో ఒకసారి, కంపెనీ చీటీ కుట్టిన చోటుతో ఒకసారి రుద్దితే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. చాలా గుడ్డల్లో నూగు మెత్తగానే ఉంటుంది, గీసేది నైలాను చీటీ, అంచు కుట్టు. చీటీని మొదటి రోజే కత్తిరించేయాలి.

ఇంత చెప్పినా గుడ్డది రెండో స్థానమే. మొదటిది నీటిది. ఆరబెట్టే పనిలో సగం, కడగడం పూర్తయ్యే ఘడియలోనే జరిగిపోతుంది.

యువకుడు ప్రెషర్ గన్ పక్కన పెట్టి, గొట్టం మూతికి ఉన్న నాజిల్ విప్పేస్తాడు. చిమ్మే నీటిని కాకుండా పారే నీటిని, గొట్టం మూతి పైకప్పుకు జానెడు ఎత్తున పట్టి, మెల్లగా వదులుతాడు. కప్పు మీద అప్పటిదాకా వేలకొద్దీ నిలబడ్డ చుక్కలు పారే నీటితో కలిసి ఒకే పరుపుగా మారతాయి. ఆ పరుపు అంచు కదులుతూ పోతుంటే వెనక వదిలిన రేకు దాదాపు పొడిగా బయటపడుతుంది. నీటి బిందువులు ఒకదాన్నొకటి లాక్కునే గుణమే ఈ పని చేస్తుంది, చెయ్యి చేసేదేమీ లేదు. కప్పు, ముందు అద్దం, బానెట్, డిక్కీ, తలుపులు, ఇదే వరస. పాలిష్ పూత ఉన్న కారుకు ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

“ఇదేదో నా మాటే అయింది కదా,” అంటాడు డ్రైవరు. “గుడ్డ లేకుండానే ముప్పాతిక నీళ్లు పోయినయి.”

“ముప్పాతిక మీది బాబాయ్, పావు నాది.”

ఆ పావు వంతు నీళ్లే మరక చేసేవి. సందుల్లో దాగిన నీళ్లకు బ్లోయరు మంచిది. తలుపు పిడుల కింద, సైడు అద్దాల చుట్టూ, దీపాల అంచుల్లో, గ్రిల్లులో, నంబరు ప్లేటు వెనక గాలి పెడితే, తుడిచాక చారలు కారవు. పంక్చరు షాపు కంప్రెసరు గాలితో కూడా పని జరుగుతుంది గాని, ట్యాంకులో చేరిన నీరు, నూనె తుంపర్లు ఆ గాలితో పాటే వస్తాయి. ముందు నేల మీదికి ఒకసారి వదిలి చూసి, మూర దూరం నుంచి పట్టాలి.

విశాలమైన చోట్ల మిగిలిన చుక్కలకు గుడ్డ. దీనికి తెలుగులో ఉన్న రెండు మాటలే పద్ధతి చెబుతున్నాయి: అద్దడం వేరు, తుడవడం వేరు. మడత విప్పిన తువ్వాలును బానెట్ మీద పరిచి, అరచేత్తో పైపైన తట్టి, రెండు కొసలు పట్టి ఎత్తేయాలి. గుడ్డ జరగదు కాబట్టి కింద రేణువు ఉన్నా గీయదు. తలుపుల్లాంటి నిలువు చోట్ల అద్దడం కుదరనప్పుడు, నాలుగు మడతలు పెట్టిన గుడ్డను దాని బరువుకే వదిలి, నిటారుగా ఒకే వైపుకు లాగాలి. చేతి బలం పెట్టకూడదు. నాలుగు మడతల గుడ్డకు వాడుకోదగ్గ ముఖాలు ఎనిమిది. ఒక ముఖం తడిసి బరువెక్కగానే మరోటి తిప్పాలి. పూర్తిగా పొడి గుడ్డ మొదటి లాగులో పట్టేస్తుంది, కొద్దిగా నీళ్లు చిలకరించి పిండిన గుడ్డ తేలిగ్గా జారుతుంది. ఆరిపోతున్న నీళ్లను ఆపలేని రోజున, ఒక్కో భాగాన్నే ఆరబెడుతూ, మిగతావాటిని తడిగా ఉంచడం మంచిది.

తలుపుల కింది అంచు, బంపర్ల కింది భాగం, చక్రాలు ఆఖరున, వేరే గుడ్డతో. డ్రైవరు పాత బండిని పాడుచేసింది ఈ ఒక్క నియమం తప్పడమే. టైరు విసిరిన ఇసుక, బ్రేకు ప్యాడ్ల నుంచి రాలిన ఇనుప పొడి చేరేది అక్కడే. అద్దాలు తుడిచే రబ్బరు పట్టీని కొందరు షెడ్లలో బానెట్ మీద కూడా లాగేస్తారు. అద్దం మీద దోషం లేదు. పెయింటు మీద మాత్రం దాని అంచున ఇరుక్కున్న ఒక్క రేణువు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిన్నటి గీత పెడుతుంది.

ఇక్కడికి వాదన తేలినట్టే అనిపిస్తుంది. యువకుడు కారు ముందు సీటు కింద చూస్తాడు. అక్కడ పసుపు గుడ్డ ఒకటి ఉంది.

“ఇదేంది బాబాయ్?”

“అది పొద్దున్నే దుమ్ము దులపడానికి. స్టాండులో పెట్టాక యాత్రికులు ఎక్కేముందు ఒక తుడుపు తుడుస్తా. మాసిన బండి ఎవడెక్కుతాడు?”

“నా దగ్గర వారానికొకసారి గుడ్డ వద్దంటారు. మీరు రోజూ పొడి దుమ్ము మీద గుడ్డ వేస్తున్నారు కదా.”

“అది పైపైన దుమ్మే కదా అబ్బాయ్.”

కార్ల మీద గీతలు పెట్టే అలవాట్లలో పెద్దది ఇదే, షెడ్డులో కన్నా ఇంటి ముందు, స్టాండులో ఎక్కువగా జరిగేదీ ఇదే. పొడి దుమ్ములో జారుడు కలిగించే నీరు ఉండదు. గుడ్డ కిందికి రేణువులన్నీ ఒకేసారి వస్తాయి. మంచు పడ్డ ఉదయాల్లో ఇంకా మోసం. కప్పు తడిగా ఉంది కదా, కడిగినట్టే కదా అని తుడుస్తారు. కానీ ఆ తడి దుమ్మును కరిగించదు, పేస్టులా చేస్తుంది. బకెట్‌లో నీళ్లు తెచ్చి, ఒకే గుడ్డను ముంచుతూ కారంతా తుడిచే పద్ధతి కూడా అంతే. రెండోసారి ముంచేసరికి ఆ నీళ్లలో ఇసుక ఉంటుంది, మూడోసారి గుడ్డలో ఉంటుంది. రోజూ శుభ్రంగా కనపడాలంటే అద్దాలు, నంబరు ప్లేటు, తలుపు పిడులు మాత్రం తుడిచి, ఒంటి దుమ్మును నీళ్లు దొరికే దాకా వదిలేయడమే మంచిది. మాసిన బండి మళ్లీ శుభ్రమవుతుంది. అరిగిన పొర తిరిగి రాదు.

వరద మట్టి సంగతి ఇంకా కఠినం. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు, 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చినప్పుడు, నీళ్లు తీశాక బండ్ల మీద మిగిలింది ఒండ్రు. ఒండ్రు చేత్తో పట్టుకుంటే పౌడరులా మెత్తగా ఉంటుంది, అందులో పలుగురాయి సన్నటి పొడి ఉంటుంది. ఎండిన ఒండ్రును గుడ్డతో రాల్చకూడదు. నీళ్లతో నానబెట్టి, పారే నీటితో రెండు మూడు విడతలు దించాక గాని షాంపూ, ఆ తర్వాత గాని తువ్వాలు.

అప్పటికే పడ్డ తెల్ల చుక్కలకు వెనిగర్ పనిచేస్తుంది. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి, నీడలో, చల్లటి రేకు మీద, గుడ్డను తడిపి చుక్కల మీద ఒక నిమిషం ఆనించి, వెంటనే ధారాళంగా నీళ్లు పట్టాలి. కార్బనేటు ఆమ్లానికి కరిగిపోతుంది. కరిగాక కూడా గుంటలా మచ్చ మిగిలితే ఉప్పు పొరలోకి తినేసిందని అర్థం. అది పాలిష్ పని, ఇంట్లో తీరేది కాదు.

తువ్వాలు బాగోగులు అది ఎండే చోటు నుంచి మొదలవుతాయి. అడవి అంచు ఊళ్లలో గుడ్డలు కంచె మీద ఆరేయడం అలవాటు. ఉత్తరేణి గింజలు, గడ్డి ముళ్లు నూగులో ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఆ దారిన పంచెతో నడిచినవాళ్లకు తెలుసు. ఒక్క ఉత్తరేణి గింజ మిగిలినా ఆ గుడ్డ ఇక పెయింటుకు పనికిరాదు. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపకూడదు, వాటి నూగు దీనికి పట్టేస్తుంది. బట్టలకు మెత్తదనం, వాసన ఇచ్చే ద్రవాలు వాడకూడదు. అవి పోగుల చీలికలను పూడ్చేస్తాయి, గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. ఇస్త్రీ అసలే వద్దు, పోగు కరుగుతుంది. లిక్విడ్ సబ్బు, చల్లటి నీళ్లు, దండెం మీద నీడ, తర్వాత మూత ఉన్న డబ్బా.

“సరే, గుడ్డ నేనే కొనుక్కొస్తా,” అని డ్రైవరు ఒప్పుకుంటాడు. “నా బండికి నా గుడ్డే. కింద పడితే మాత్రం మళ్లీ ముట్టించకు.”

“కింద పడ్డ గుడ్డ ఉతికిందాకా ఎవరి బండికీ ముట్టించను బాబాయ్.”

తుడవడం అయ్యాక మిగిలే తడి బ్రేకుల్లోనిది, దానికి ఏ గుడ్డా అందదు. కడిగిన కారును అలాగే నిలిపి హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే రాత్రికి రాత్రి డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర పడుతుంది, ఒక్కోసారి వెనక బ్రేకులు పట్టేస్తాయి. ఖాళీ రోడ్డు చూసుకుని, కిలోమీటరు దూరం నెమ్మదిగా నడుపుతూ నాలుగైదుసార్లు బ్రేకు మెల్లగా తొక్కితే ఆ వేడికి డిస్కులు ఆరిపోతాయి. ఆ తర్వాతే కారును నిలపాలి.